గంట దూరంలో తమ్ముడు

జూన్ 3

లిఫ్టు దొరగారికి,

బట్టీ దగ్గర మాడిపోతున్న మీ అక్క రాస్తున్నది. నేను బతికే ఉన్నాను. నువ్వు బతికున్నావో లేదో మాత్రం ఎవరైనా చెబితే తప్ప తెలియని పరిస్థితి తెచ్చావు. రెండు నెలలైంది నీ ఉత్తరం చూసి. పోస్టుమ్యాన్ ఇప్పుడు నన్ను చూడగానే ముందే చెయ్యి ఊపేస్తున్నాడు, లేదమ్మా అని. చెవిటిదాన్ని కాబట్టి గట్టిగా ఊపుతాడు. వీధంతా చూస్తుంది.

ఇక్కడ అంతా మామూలే. కొట్టు పైనే నా గది. పిండి కలిపే మిషను తిరగ్గానే నేల వణుకుతుంది, ఆ వణుకుకే నిద్ర లేస్తాను. మిగతా రోజంతా గోడ గడియారమే నా దిక్కు. గంటలో రెండు వాయిలు రొట్టె దింపుతాను. ఇన్నేళ్ళలో ఒక్క వాయి మాడిందని ఎవరూ అనలేదు. చెవులు పనిచేసేవాళ్ళు మాత్రం కబుర్లలో పడి మాడుస్తారు. కాస్త దగ్గుగా ఉంది, పిండి పడటం లేదట. అది పెద్ద విషయం కాదు.

నువ్వు వచ్చివెళ్ళి రెండేళ్ళు. నీ విమానం టికెట్టు ముక్క అద్దం చట్రంలో దోపి ఉంచాను, రోజూ జడ వేసుకుంటూ చూస్తాను. గంట దూరం. రెండు వాయిలు దింపేలోపు వచ్చేయగలవాడివి రెండేళ్ళకోసారి కూడా రావు. పక్క వీధి మనిషికన్నా దగ్గరగా ఉండి ఇంత దూరమైపోయావేమిట్రా?

ఇంకొకటి కూడా ఎప్పటినుంచో కడుపులో ఉంది, కక్కేస్తున్నాను. వెళ్ళేటప్పుడు నీకు రోజంతా ఎందుకు పట్టింది? నాకు లెక్కలు రావనుకోకు, వచ్చేటప్పుడు గంట, వెళ్ళేటప్పుడు తొమ్మిది గంటలు, టికెట్టు మీద టైములన్నీ అచ్చేసి ఉన్నాయి. మధ్యలో దిగి మన చెల్లి, ఆ చిన్నదాని ఇంటికి వెళ్ళావు. అమ్మ కుట్టు మిషను అది తన్నుకుపోయినప్పటినుంచి మనిద్దరికీ దానితో మాటల్లేవని నువ్వే అన్నావు కదా. నా దగ్గర ఒక మాట, దాని దగ్గర ఒక మాటా? వెళితే వెళ్ళావు, నాకు చెప్పి వెళ్ళి ఉండాల్సింది.

కోపంగానూ ప్రేమగానూ,
అక్క

జూన్ 17

బట్టీ మహారాణి పాదాల దగ్గరికి,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ఒళ్ళు మండింది, తర్వాత అన్నం తినేసి పడుకున్నాను. ఈ మూడూ చేసేసరికే రెండు వారాలు పట్టింది, క్షమించు.

గంట దూరం అని ఎంత చక్కగా దెప్పావే! సరే, ఒప్పుకున్నాను, గంట దూరమే. ఆ గంట నాకు ఎవరిస్తారు? ఇప్పుడు పెద్దాసుపత్రి లిఫ్టులన్నీ నా మెడకి చుట్టారు. మొన్న ఆపరేషన్ చేయాల్సిన మనిషిని స్ట్రెచర్‌తో సహా రెండంతస్తుల మధ్య ఇరికించింది ఒకటి. నేను పైనుంచి తాడు పట్టుకుని దిగుతుంటే లోపల్నుంచి ఆ రోగే నాకు ధైర్యం చెప్పాడు. తలుపు తీసి బయటికి లాగాం. బతికాడో లేదో అడగలేదు, అడిగే ధైర్యం లేకపోయింది. మా మేస్త్రీ దృష్టిలో నేను ఊరు దాటితే లిఫ్టులన్నీ ఆ క్షణమే అలిగి కూర్చుంటాయి. సెలవు మాటెత్తితే చాలు, చెవిటివాడైపోతాడు. నీమీద గౌరవంతో ఆ పోలిక వెనక్కి తీసుకుంటున్నాను.

మీ ఊరి విమానాలు మా వర్క్‌షాపు కిటికీలోంచి కనిపిస్తాయి. పొద్దున తొమ్మిదికి ఒకటి, మధ్యాహ్నం మూడింటికి ఒకటి. పానా చేతిలో పట్టుకుని చూస్తూ నిలబడతాను. వీళ్ళందరికీ అక్కలు ఉన్నారా ఆ ఊళ్ళో అనుకుంటాను.

చిన్నదాని సంగతి మాత్రం నవ్వులాటగా తీసుకోలేను. దాని గుమ్మం తొక్కలేదు. ఆ రోజు దిగి తిన్నగా రాత్రి డ్యూటీకి వెళ్ళాను. నువ్వు నమ్మకపోతే నేనేం చెయ్యను? చిన్నప్పుడు తలుపు చప్పుడైతే నీ భుజం మీద రెండుసార్లు తట్టి చెప్పింది నేను. ఎప్పుడైనా ఊరికే తట్టి నిన్ను మోసం చేశానా?

దగ్గుకి డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ముక్కుకి గుడ్డ కట్టుకుని పిండి జల్లించు.

నీ,
తమ్ముడు

జూలై 1

తమ్ముడికి,

ఊరికే తట్టావురా. దొంగలొచ్చారని ఒకసారి తట్టి, నేను రోకలి పట్టుకుని వీధిలోకి పరిగెత్తితే గోడ వెనకాల నిలబడి నవ్వావు. కాబట్టి నీ మాట మీద నాకున్న నమ్మకం సరిగ్గా అంతే. టికెట్టు ఒకటి చెబుతుంటే నువ్వు ఇంకొకటి చెబుతావు. ఎలాగూ వినపడవు కదా అని నా చెవుల్లో పువ్వులు పెడదామనుకున్నావా? చిన్నదాని గొడవ ఇక ఎత్తను. రాయాల్సింది వేరే ఉంది.

డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. మా కొట్టు యజమాని తీసుకెళ్ళాడు, మంచివాడు. డాక్టర్ ఫోటో తీయించి దీపానికి ఎదురుగా పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. ఆయన మీసాలు పెదాల మీదికి పడి ఒక్క ముక్క అర్థం కాలేదు. నేను యజమాని ముఖం చూశాను. ఆయన ముఖంలో అంతా రాసి ఉంది. తర్వాత కాగితం మీద రాసి ఇచ్చారు. ఊపిరితిత్తులు రెండూ పాడయ్యాయట. పిండి ఒకటే కాదట, ఇంకా ఏదో ఉందట. నెలలు అన్నాడు. ఎన్ని అని అడిగితే భుజాలు ఎగరేశాడు. ఆ ఒక్కటి మాత్రం మీసాల అవసరం లేకుండా అర్థమైంది.

బట్టీ దగ్గరికి ఇక వెళ్ళకూడదన్నారు. గదిలోనే ఉంటున్నాను. పొద్దున్నా సాయంత్రం నర్సమ్మ వస్తుంది. పలక మీద రాసుకుంటాం. ఆమెది అందమైన చేతిరాత, నాదేమో కోడి కెలికినట్టు.

ఏడవకు. ఇప్పుడే పరిగెత్తుకుని రావద్దు, ఒట్టు. నువ్వొచ్చి మంచం పక్కన కూర్చుని రోజుల తరబడి దిగులు మొహంతో నన్ను చూస్తుంటే నేను ముందే పోతాను. నీ ఉద్యోగమూ పోతుంది. నాకు కావలసింది ఒకటే. చివర్లో నువ్వు నా ఎదురుగా ఉండాలి. ఇక్కడ అందరూ మంచివాళ్ళే కానీ వాళ్ళ పెదాలు నాకు సగమే అర్థమవుతాయి. నిన్ను మాత్రం చీకట్లో కూడా చదవగలను. చుట్టూ నోళ్ళు కదులుతుంటే ఒక్క మాటా తెలియకుండా పోవడం, అదొక్కటే నాకు భయం. చావంటే ఇంత భయం లేదు, నిజం.

అంతా ఆలోచించి పెట్టుకున్నాను. నాకు తెలిసిపోతుంది. బట్టీ ఎప్పుడు చల్లారుతుందో ముందే తెలిసినదాన్ని. ఆ రోజు పొద్దున పదింటికల్లా టెలిగ్రాం ఇప్పిస్తాను. గంటన్నరలో నీ చేతికి అందుతుంది. మూడింటి విమానానికి నీకు బోలెడు వ్యవధి. నాలుగింటికి దిగుతావు, ఐదింటికి నా గదిలో ఉంటావు. గంట దూరంలో తమ్ముడుండటం ఎంత అదృష్టమో ఈ మధ్యే తెలుస్తోంది. ఇన్నాళ్ళూ దానికే నిన్ను తిట్టాను.

అక్క

జూలై 13

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. మేడ మెట్ల మీద కూర్చుని చదివాను. ఆ తర్వాత ఏం చేశానో రాయను, ఏడవకు అన్నావు కదా.

ఇక నా మాట శ్రద్ధగా విను. నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను, అప్పుడు నా బుర్రకి ఎక్కింది. గంట దూరం అని నువ్వు దెప్పడం లేదు, నిజంగానే అనుకుంటున్నావు. ఆ టికెట్టు ఇంకోసారి చూడు. ఇక్కడ తొమ్మిదికి బయల్దేరి అక్కడ పదికి దిగినట్టు ఉంటుంది. ఆ తొమ్మిది మా ఊరి తొమ్మిది. ఆ పది మీ ఊరి పది. మా గడియారం మీ గడియారం కన్నా నాలుగు గంటలు ముందుంటుంది. మాకు తెల్లవారిన నాలుగు గంటలకి మీకు తెల్లవారుతుంది. విమానం గాల్లో ఉండేది ఐదు గంటలు. దిగేసరికి మీ ఊరి గడియారం నాలుగు గంటలు వెనక ఉంటుంది కాబట్టి గంటే అయినట్టు కనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే ఐదు గంటలు తొమ్మిదై కూర్చుంటుంది. ఆ రోజు నువ్వు చిన్నదానికి ఇచ్చేసిన ఎనిమిది గంటలు అవే. నేను దిగగానే విమానాశ్రయంలోనే వాచీ తిప్పుకుని వచ్చాను, నువ్వు చూడలేదు.

కాబట్టి పదింటికి టెలిగ్రాం ఇస్తే కుదరదు. అక్కడ పదంటే ఇక్కడ మధ్యాహ్నం రెండు. అది నాకు అందేసరికి మూడింటి విమానం వెళ్ళిపోతుంది. ఏ మాత్రం అనుమానంగా ఉన్నా ముందురోజే ఇప్పించు. అనుమానం లేకపోయినా ఇప్పించు. అనవసరంగా వచ్చాడని ఎవరూ నవ్వరు.

నీ మాట వినను, వచ్చేస్తున్నాను. మేస్త్రీతో పోట్లాడాను. ఆసుపత్రిలో కొత్త లిఫ్టు తనిఖీ పూర్తి చేసి వెళ్ళమన్నాడు. ఇరవయ్యేడు నుంచి సెలవు. ఆ పొద్దుటి విమానానికే టికెట్టు తీసుకున్నాను. నెలలు అన్నాడు కదా డాక్టర్, రెండు వారాలు ఓపిక పట్టు. ఇదంతా టెలిగ్రాంలో చెబుదామనుకున్నాను. గడియారాల గొడవ నాలుగు మాటల్లో పట్టదు, ఆ కాగితం చూస్తే నువ్వు ఊరికే హడలిపోతావు అని ఆగాను. ఉత్తరమైతే నెమ్మదిగా చదువుకుంటావు.

దిగులు మొహం పెట్టను. అద్దంలో చూసి సాధన చేస్తున్నాను.

నీ,
తమ్ముడు

జూలై 18

ఒరే తమ్ముడూ,

పెన్సిలుతో రాస్తున్నాను, పడుకుని రాస్తే పెన్ను పారడం లేదు. ఇది పోస్టు చెయ్యను. నువ్వు వచ్చేసరికి నాకు మాట రాకపోతే ఇది చదువుకుంటావని.

తెల్లవారుజామునుంచి ఊపిరి వేరేగా ఉంది. చెప్పాను కదా, తెలిసిపోతుందని. యజమాని స్వయంగా వెళ్ళి పదింటికి టెలిగ్రాం ఇచ్చి వచ్చాడు. రసీదు చూపించాడు. గుండె కుదుటపడింది. ఇవాళ నర్సమ్మ ఇంటికి వెళ్ళనంది, నా జుట్టు దువ్వింది. నీకోసం కింద మెత్తటి రొట్టె తీసి ఉంచమన్నాను, అంచులు నువ్వు తినవు కదా.

ఇప్పుడు ఒంటిగంట. నీ జవాబు టెలిగ్రాం వచ్చింది. చదివాను. నా కళ్ళే మోసం చేస్తున్నాయేమో అని నర్సమ్మ చేత పలక మీద మళ్ళీ రాయించుకున్నాను. "టెలిగ్రాం మూడున్నరకి అందింది. విమానం వెళ్ళిపోయింది. రేపు తొమ్మిది విమానంలో వస్తున్నాను."

మూడున్నరకా? ఇంకా ఒంటిగంటేరా! మూడున్నర ఎక్కడుంది? ఇంకా పుట్టని టైముకి అందింది అంటావా? అబద్ధం చెప్పేవాడివి కాస్త అతికేలా చెప్పొద్దూ! రాలేకపోతే రాలేనని చెప్పు. మేస్త్రీ పంపలేదని చెప్పు. చచ్చేదాన్ని కదా, ఏదో ఒకటి చెబితే సరిపోతుందనుకున్నావా? రెండు గంటల టైముంది మూడింటి విమానానికి. లిఫ్టులో ఇరుక్కున్న ముక్కూ మొహం తెలియని వాళ్ళకోసం తాడు పట్టుకుని దిగుతావు. నాకోసం మాత్రం రేపు.

ఏడిస్తే ఊపిరి అందడం లేదు. ఆపేశాను. కోపం కూడా ఊపిరి తింటుంది.

సాయంత్రమైంది. పై ముక్క కొట్టేద్దామనుకున్నాను, కానీ ఉండనీ. నేనెంత గయ్యాళినో నీకు గుర్తుండాలి.

నర్సమ్మ నా పక్కనే కూర్చుని పలక మీద అడిగింది, మీ తమ్ముడు ఏ వైపు ఊళ్ళో ఉంటాడు అని. చెప్పాను. ఆమె కిందికి వెళ్ళి గుండ్రటి రొట్టె ఒకటి తెచ్చింది. దానికి రెండు లవంగాలు గుచ్చింది. ఇది నువ్వు, ఇది మీ తమ్ముడు అని పలక మీద రాసింది. దీపం ముందు పెట్టి మెల్లగా తిప్పింది. ముందు నీ లవంగం మీదికి వెలుగు వచ్చింది. నేనింకా చీకట్లోనే ఉన్నాను. ఇంకా తిప్పితే అప్పుడు నా మీదికి వచ్చింది.

ముప్పయ్యేళ్ళు రొట్టెలు కాల్చాను. ఈ సంగతి రొట్టెలో ఉందని ఎవరూ చెప్పలేదు.

అంటే నేను పదింటికి ఇస్తే నీకక్కడ రెండు. నువ్వు అబద్ధమాడలేదు. విమానాన్ని నేనే తప్పించాను, నా చేతులారా. అంటే నువ్వెప్పుడూ గంట దూరంలో లేవు. రెండేళ్ళుగా నిన్ను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. దొంగలొచ్చారని తట్టినందుకు తిట్టినవి మాత్రం ఉంచుకో.

చిన్నదాని దగ్గరికి కూడా వెళ్ళలేదు కదూ నువ్వు. దానికి ఒక ముక్క రాయి. చెయ్యని పనికి దాన్ని కూడా కలిపి తిట్టుకున్నాను మనసులో. కుట్టు మిషను దాని దగ్గరే ఉండనీ. నాకు కుట్టు ఎప్పుడొచ్చింది కనక? ఒక్కసారి పట్టుకుని చూడాలని ఉండేది, అంతే.

నర్సమ్మ చేత గోడ గడియారాన్ని మీ ఊరి టైముకి తిప్పించాను. ఇప్పుడు నువ్వు ఏం చేస్తున్నావో నాకు తెలుస్తోంది. అన్నం తిని ఉంటావు. సంచి సర్దుకుంటూ ఉంటావు, చొక్కాలు మడత పెట్టడం నీకు చేతకాదు. నీ తొమ్మిది అయ్యేదాకా మెలకువగా ఉంటాను. ముల్లు తొమ్మిది మీదికి వస్తే నువ్వు ఎక్కావని అర్థం. ఆ తర్వాత ఐదు గంటలు. పెద్ద వాయే. చూస్తాను ఆగగలనేమో.

ఒకవేళ కళ్ళు మూసుకుని ఉంటే భుజం మీద తట్టు. రెండుసార్లు.

అక్క

జూలై 24

చిన్నదానికి,

అన్నయ్య రాస్తున్నాను. నా చేతిరాత గుర్తుపట్టావో లేదో. అక్క పోయింది. పద్దెనిమిదిన టెలిగ్రాం వచ్చింది. పంతొమ్మిదిన నేను చేరేసరికే అయిపోయింది. నీ చిరునామా ఎవరి దగ్గరా లేదు. పాత పెళ్ళి శుభలేఖ మీద ఉన్న దానికే ఈ ఉత్తరం వేస్తున్నాను, అందుతుందో లేదో తెలియదు. నీకు ముందే చెప్పలేకపోయినందుకు తిట్టుకో.

చివరి రోజు అక్క రాసిన కాగితం నా దగ్గరుంది. నీ గురించి ఉన్న చోటు విడిగా రాసి ఇందులో పెడుతున్నాను. మిషను నీ దగ్గరే ఉండనిమ్మంది. నేను ఒకసారి నీ ఇంటికి వచ్చానని అక్క రెండేళ్ళు అనుకుంది. రాలేదని నేను ఒట్టేసి చెప్పాను. వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది.

గదిలోకి వెళ్ళగానే గోడ గడియారం చూశాను. మూడు. నా వాచీ చూసుకున్నాను. మూడు. కంగారులో దిగాక వాచీ తిప్పుకోవడం మర్చిపోయాను. బయట పొద్దున పదకొండు. తిప్పకుండానే నా వాచీ అక్క గడియారంతో కలవడం ఇదే మొదటిసారి. అలవాటుకొద్దీ భుజం మీద రెండుసార్లు తట్టాను. నర్సమ్మ అటు తిరిగి నిలబడింది.

తర్వాత ఆమె అంతా చెప్పింది. రాత్రంతా గడియారం వైపే చూస్తూ ఉందట. తొమ్మిది కాగానే పలక అడిగి "ఎక్కాడు" అని రాసిందట. పది కాగానే తలుపు వైపు చూసిందట. అంతా అర్థమైంది కదమ్మా, ఇంకా టైముంది అని నర్సమ్మ రాస్తే, "తెలుసు, పాత అలవాటు" అని రాసి నవ్విందట. ఆ తర్వాత రాయలేదు. సరిగ్గా పన్నెండుకి పోయిందట, ఆ గడియారం ప్రకారం. నర్సమ్మ, యజమాని ఇద్దరూ ఏదో మాట్లాడుతూనే ఉన్నారట ధైర్యం చెబుదామని. అక్క వాళ్ళ నోళ్ళవైపు మార్చి మార్చి చూసిందట. అదే వద్దనుకుంది.

మర్నాడు పోస్టుమ్యాన్ వచ్చి, నన్ను చూసి చెయ్యి ఊపబోయి ఆగి, ఒక కవరు ఇచ్చాడు. గడియారాల సంగతి వివరంగా రాసిన నా ఉత్తరమే. చించకుండా జేబులో పెట్టుకున్నాను.

పన్నెండింటికి నేను గాల్లో ఉన్నాను. పక్క సీటాయన ఎంతసేపండీ ఇంకా అని అడిగితే ఇంకో రెండు గంటలు అన్నాను, నిక్షేపంగా నవ్వుతూ. నాకున్న బాధ నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను చిన్నీ. అక్క అనుకున్నట్టు అది గంట దూరమే అయ్యుంటే, పదింటికి దిగేవాణ్ణి. పదకొండుకి గదిలో ఉండేవాణ్ణి. ఇంకో గంట మాట్లాడుకునేవాళ్ళం.

మీ ఊరికి ఇక్కడినుంచి రైలుందట. ఎంతసేపు పడుతుందో నువ్వే రాయి. మీ ఊళ్ళో ఇప్పుడు టైమెంతో కూడా రాయి.

అన్నయ్య